ఎగిరే ముందు వేసిన లెక్క: జేఆర్‌డీ టాటా

శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలై 2008 మార్చి 23 నాటి నుంచి లెక్కేస్తే పద్దెనిమిదేళ్లు దాటుతోంది. ఒకప్పుడు కర్నూలు వెళ్లే బస్సు కాసేపు ఆగే ఊరు. ఇప్పుడు అక్కడ హోటళ్లు, గోదాములు, హాస్టళ్లు, క్యాబ్ స్టాండ్లు. డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని కుర్రాళ్లకు అటుగా వెళ్తే చాలు, ఏదో ఒకటి మొదలుపెట్టాలనిపిస్తుంది. ఇంతమంది జనం, ఇంత కదలిక... ఏది పెట్టినా నడవదా?

నడవకపోవచ్చు కూడా. నడవకపోతే పోయేది ఇంట్లో అమ్మ పెట్టుకున్న బంగారం, నాన్న దాచుకున్న పీఎఫ్. అందుకే డబ్బు పెట్టకముందే వేయాల్సిన లెక్క ఒకటుంది. ఈ ఆలోచన నిలుస్తుందా? ఎవరు డబ్బులిస్తారు? ఎంతవరకు పోగొట్టుకోగలం? మన దేశంలో విమానయానం సరిగ్గా ఈ ప్రశ్నల మీదే మొదలైంది. మొదలుపెట్టింది ఇరవైల్లో ఉన్న యువకుడు. పేరు జహంగీర్ రతన్‌జీ దాదాభాయ్ టాటా. అందరికీ తెలిసిన పేరు జేఆర్‌డీ.

డిగ్రీ లేని అప్రెంటిస్

జేఆర్‌డీ 1904 జులై 29న పారిస్‌లో పుట్టారు. తండ్రి ఆర్‌డీ టాటా, టాటా సంస్థల వ్యవస్థాపకుడు జంషెడ్‌జీకి బంధువు, వ్యాపార భాగస్వామి. తల్లి సుజాన్ ఫ్రెంచ్ మహిళ. చిన్నతనంలో వేసవి సెలవులకు ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని హార్డెలో అనే ఊరికి వెళ్లేవారు. ఇంగ్లిష్ చానల్‌ను విమానంలో మొదట దాటిన లూయీ బ్లేరియో కుటుంబానికి అక్కడే ఇల్లుండేది. ఆ ఇసుక మీద దిగే విమానాలను చూస్తూ పెరిగిన జేఆర్‌డీ, పదిహేనేళ్ల వయసులో ఒకసారి సరదాగా విమానం ఎక్కారు. పైలట్ కావాలని అప్పుడే అనుకున్నారు.

కానీ అనుకున్నది వెంటనే జరగలేదు. కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్ చదవాలనుకున్నారు, కుదరలేదు. ఫ్రాన్స్ పౌరుడిగా కొంతకాలం సైన్యంలో పనిచేయాల్సి వచ్చింది. ఆ తర్వాత తండ్రి బొంబాయికి రమ్మన్నారు. 1925 డిసెంబరులో టాటా సంస్థలో జీతం లేని అప్రెంటిస్‌గా చేరారు. జాన్ పీటర్సన్ అనే అధికారి గదిలోనే ఆయనకో బల్ల వేశారు. పీటర్సన్ దగ్గరికి వచ్చే ప్రతి కాగితం ముందు ఈ కుర్రాడి బల్ల మీదికి వచ్చేది. వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయన ఆ కాగితాల్లోనే నేర్చుకున్నారు. మరుసటి ఏడాదే తండ్రి చనిపోయారు. 22 ఏళ్లకే టాటా సన్స్ బోర్డులో కూర్చోవాల్సి వచ్చింది.

యూనివర్సిటీ చదువు లేదన్న లోటు ఆయన్ను జీవితాంతం వెంటాడింది. పుస్తకాలు తెచ్చుకుని, అడిగి తెలుసుకుని ఆ లోటు పూడ్చుకున్నారు. ఇంటర్న్‌షిప్ అంటే ఫొటోకాపీలు తీయడమేగా అనుకునేవాళ్లు ఆ బల్లను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఒక మాట మాత్రం దాచకూడదు. జేఆర్‌డీ పేదింటి బిడ్డ కాదు. వెనుక టాటా పేరుంది, డబ్బుంది. మనలో చాలామందికి ఆ రెండూ లేవు. కాబట్టి ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ధైర్యం కంటే ముందు లెక్క. అన్నీ ఉన్న మనిషే అంత లెక్క చూసుకున్నప్పుడు, ఏమీ లేనివాళ్లు ఇంకెంత చూసుకోవాలి!

నంబర్ వన్ లైసెన్సు

బొంబాయిలో ఫ్లయింగ్ క్లబ్ మొదలవగానే చేరినవారిలో జేఆర్‌డీ ఒకరు. 1929 ఫిబ్రవరి 10న పైలట్ లైసెన్సు అందుకున్నారు. భారత్‌లో జారీ అయిన లైసెన్సుల్లో దాని నంబరు 1.

1930లో ఆగాఖాన్ ఒక పోటీ పెట్టారు. ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపి ముందుగా గమ్యం చేరిన భారతీయుడికి బహుమతి. జేఆర్‌డీ ఇటు నుంచి బయల్దేరారు. ఆస్పీ ఇంజినీర్ అనే ఇంకా చిన్న కుర్రాడు అటు నుంచి వస్తున్నాడు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ కలిశారు. ఆస్పీ విమానానికి స్పార్క్ ప్లగ్ సమస్య వచ్చి ఆగిపోయాడు. జేఆర్‌డీ తన దగ్గరున్న స్పేర్ ఇచ్చి పంపారు. చివరికి కొద్ది గంటల తేడాతో ఆస్పీయే గెలిచాడు. ఆ కుర్రాడు తర్వాత భారత వైమానిక దళాధిపతి అయ్యాడు. ఓడిన జేఆర్‌డీకి చేతిలో మిగిలింది వేల మైళ్ల అనుభవం. గాలి, ఇంధనం, రిపేరు, దారి... విమానం నడపాలంటే నేల మీద ఎన్ని సిద్ధంగా ఉండాలో ఆ ప్రయాణం చూపించింది.

ఖాళీ ఎక్కడుంది?

ఆ రోజుల్లోనే నెవిల్ విన్సెంట్ అనే మాజీ బ్రిటిష్ వైమానిక దళ పైలట్ ఒక ప్రతిపాదన పట్టుకుని వచ్చాడు. దేశమంతా తిరుగుతూ జనాన్ని విమానం ఎక్కించి చూపిన మనిషి. ఎక్కడ మైదానాలున్నాయో, ఎక్కడ లేవో అతనికి తెలుసు.

అతని లెక్క ఇది. 1929 నుంచి ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ ఉత్తరాలను కరాచీ దాకా విమానంలో తెస్తోంది. కరాచీలో దిగిన సంచులు అక్కణ్నుంచి రైలెక్కుతున్నాయి. అంటే వేల మైళ్లు గాల్లో వచ్చి ఆదా అయిన సమయం చివరి దారిలో కరిగిపోతోంది. కరాచీ నుంచి అహ్మదాబాద్, బొంబాయి, బళ్లారి మీదుగా మద్రాసుకు చిన్న విమానంలో ఆ సంచులు చేరవేస్తే చాలు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. వాళ్లు ప్రయాణికులతో మొదలుపెట్టలేదు. 1930ల్లో విమానం టికెట్ కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? విమానం ఎక్కాలని ఆశపడేవాళ్లు వేలల్లో ఉన్నా, డబ్బిచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే. ఉత్తరాల సంగతి అలా కాదు. బ్యాంకులకు, వర్తకులకు ఆ ఉత్తరం రెండు రోజులు ముందు అందితే లాభం. పంపడానికి తపాలా శాఖ ఉంది, ఛార్జీ ఉంది, ప్రతి వారం సంచులు వస్తూనే ఉంటాయి. ఆశకు, గిరాకీకి ఉన్న తేడా ఇదే.

రెండు లక్షలు, మూడేళ్ల నిరీక్షణ

ప్రాజెక్టుకు అడిగింది సుమారు 2 లక్షల రూపాయలు. టాటా సన్స్ చైర్మన్ దొరాబ్జీ టాటాకు మొదట ఇష్టం లేదు. అప్రెంటిస్‌ను తన గదిలో కూర్చోబెట్టుకున్న ఆ పీటర్సనే ఆయన్ను ఒప్పించారు. ఉక్కు, కరెంటు ప్లాంట్లు నడిపే సంస్థకు 2 లక్షలు పెద్ద మొత్తం కాదు. మొత్తం పోయినా సంస్థ కూలదు. సాహసం చేయడానికి అసలు అనుమతి దొరికింది అందుకే.

తర్వాత అసలు పరీక్ష. వ్యాపార వాతావరణం అంటామే, అది అప్పుడు ఏమంత అనుకూలంగా లేదు. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యం. ప్రభుత్వం బ్రిటిష్‌వాళ్లది. కంపెనీ సబ్సిడీ అడిగితే ఖజానాలో డబ్బు లేదన్నారు. ప్రతిపాదన వెనక్కొచ్చింది. మార్చి మళ్లీ పంపారు. మళ్లీ బేరం. ఇలా దాదాపు మూడేళ్లు గడిచాయి. చివరికి సబ్సిడీ ఊసే లేకుండా, మోసిన ఉత్తరాల బరువును బట్టి డబ్బు ఇస్తే చాలన్నారు. 1932 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరింది.

సబ్సిడీ వస్తేనే నిలబడే వ్యాపారం, సబ్సిడీ రాకపోయినా నిలబడే వ్యాపారం ఒకటి కాదు. ఆ మూడేళ్లలో వాళ్లు మొదటిదాన్ని రెండోదిగా మార్చుకున్నారు.

ఎద్దుబండి మీద పెట్రోలు

1932 అక్టోబరు 15 ఉదయం కరాచీలోని డ్రిగ్ రోడ్ మైదానం నుంచి జేఆర్‌డీ స్వయంగా ఒక పస్ మాత్ విమానం తీసుకుని బయల్దేరారు. ఒకే ఇంజిన్ ఉన్న చిన్న విమానం. అందులో సుమారు 25 కిలోల ఉత్తరాలు. అహ్మదాబాద్‌లో ఇంధనం కోసం ఆగితే పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయి. మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. అక్కణ్నుంచి ఉత్తరాలను విన్సెంట్ మరో విమానంలో బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు.

కంపెనీ ఆస్తి చూస్తే నవ్వొస్తుంది. రెండు చిన్న విమానాలు, ఆకులు కప్పిన పాక లాంటి షెడ్డు, ఇద్దరు ముగ్గురు పైలట్లు, కొందరు మెకానిక్‌లు. దారి చూపే రేడియో లేదు. జుహూ మైదానమంటే సముద్రం పక్కన మట్టి నేల. వానాకాలంలో అది బురదగుంట అయిపోయేది. దానికీ ముందే ఏర్పాటుంది. వానలు పడగానే మకాం పుణెకు మారేది. స్థలం ఏడాది మొత్తం పనికిరాదని తెలుసుకుని, పనికిరాని నెలలకు వేరే చోటు చూసుకోవడం కూడా లెక్కలో భాగమే.

పూర్తిగా నడిచిన మొదటి ఏడాది 1933లో వాళ్ల విమానాలు 1,60,000 మైళ్లు తిరిగాయి. ఎక్కిన ప్రయాణికులు 155 మంది మాత్రమే. అయినా 60,000 రూపాయల లాభం వచ్చింది. ప్రయాణికులను నమ్ముకుని ఉంటే ఆ ఏడాదే షెడ్డుకు తాళం పడేది. సమయపాలనలో తపాలా శాఖ మెప్పు పొందారు. 1937 నాటికి లాభం 6 లక్షలకు చేరింది.

మన ఊరి ఆకాశంలో

కొన్నేళ్లకే హైదరాబాద్ కూడా టాటా తపాలా దారిలోకి వచ్చింది. నిజాం రాజ్యంలో అప్పటికే బేగంపేట మైదానం ఉంది. 1945లో నిజాం స్టేట్ రైల్వే, టాటా ఎయిర్‌లైన్స్ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను ప్రారంభించాయి. కేంద్రం బేగంపేట. ఎక్కువ వాటా నిజాం ప్రభుత్వానిది, విమానాలు నడిపే అనుభవం టాటాలది. డబ్బున్నవాళ్లు, పని తెలిసినవాళ్లు ఎవరి వాటాతో వాళ్లు చేతులు కలిపిన ఉదాహరణ ఇది.

లెక్కకు అందనివి

ఎంత బాగా లెక్కేసినా కొన్ని చేతిలో ఉండవు. జేఆర్‌డీ జీవితంలో రెండో సగం ఆ పాఠమే.

1938లో 34 ఏళ్లకే టాటా సన్స్ చైర్మన్ అయ్యారు. మరుసటి ఏడాది యుద్ధం వచ్చింది. మన దేశంలోనే విమానాలు తయారుచేయాలని విన్సెంట్, ఆయన ఆశపడ్డారు. ఆ పని మీద 1942లో ఇంగ్లండ్ బయల్దేరిన విన్సెంట్ ప్రయాణిస్తున్న విమానం గల్లంతైంది. కంపెనీకి పునాది వేసిన స్నేహితుడు తిరిగి రాలేదు. ఆ ఫ్యాక్టరీ కూడా రాలేదు.

1946లో టాటా ఎయిర్‌లైన్స్ పబ్లిక్ కంపెనీగా మారి ఎయిర్ ఇండియా అయింది. 1948 జూన్ 8న బొంబాయి నుంచి లండన్‌కు తొలి సర్వీసు వెళ్లింది. కానీ దేశంలో పరిస్థితి పాడైపోతోంది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా విమానాలు చౌకగా దొరికాయి. కొన్నవాళ్లందరికీ లైసెన్సులు వచ్చాయి. ఉన్న ప్రయాణికులు కొద్దిమంది, కంపెనీలు ఎక్కువ. ఇంతమందికి సరిపడా గిరాకీ లేదని జేఆర్‌డీ హెచ్చరిస్తూనే వచ్చారు. అనుకున్నట్టే కంపెనీలు ఒకదాని వెంట ఒకటి నష్టాల్లో కూరుకుపోయాయి. 1953లో ప్రభుత్వం విమాన సంస్థలన్నింటినీ జాతీయం చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

తన చేతులతో పెంచిన సంస్థ ప్రభుత్వానిదైపోయినా జేఆర్‌డీ దూరంగా పోలేదు. జాతీయం చేసిన ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్‌కు చైర్మన్‌గా ఉండమంటే ఒప్పుకున్నారు. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం తప్పించేదాకా ఆ కుర్చీలో ఉన్నారు. విమానంలో కర్టెన్ల రంగు, కాఫీ రుచి దాకా గమనించి నోట్సు రాసి పంపేవారని పేరు.

ఈ మధ్యలోనే 1945లో టెల్కో, 1952లో లాక్మే, 1968లో టీసీఎస్ ఆయన హయాంలో మొదలయ్యాయి. నేడు హైదరాబాద్‌లో ఎన్నో వేలమందికి మొదటి జీతం ఇచ్చిన టీసీఎస్ కూడా ఒకప్పుడు చిన్న విభాగమే.

1982లో తొలి ప్రయాణానికి యాభై ఏళ్లు నిండాయి. 78 ఏళ్ల వయసులో ఆయన మళ్లీ ఒంటరిగా చిన్న విమానంలో కరాచీ నుంచి బొంబాయి వచ్చారు. 1992లో భారతరత్న వచ్చింది. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు. ఎయిర్ ఇండియా తిరిగి టాటాల చేతికి వచ్చింది 2022 జనవరి 27న. అది చూడటానికి ఆయన లేరు. విన్సెంట్‌తో కలిసి కన్న తయారీ కల కూడా ఆయన కాలంలో తీరలేదు. ఇప్పుడు శంషాబాద్‌కు దగ్గర్లోనే ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి.

శంషాబాద్‌లో మీ లెక్క

ఇప్పుడు ఆయన లెక్కనే మన ఊరికి తెచ్చుకుందాం. ఊహకు ఒక చిన్న ఉదాహరణ. ఎయిర్‌పోర్టులో, ఆదిభట్లలో పనిచేసే ఉద్యోగుల హాస్టళ్లకు లాండ్రీ సర్వీసు పెడదామనుకున్నారు. అద్దె, ఇద్దరి జీతాలు, మెషిన్ల ఈఎంఐ కలిపి నెలకు 60,000 అనుకుందాం. కిలోకు 80 రూపాయలు తీసుకుంటే నీళ్లు, సబ్బు, కరెంటు, బండి ఖర్చుకు 50 పోయి 30 మిగులుతుంది. 60,000ను 30తో భాగిస్తే 2,000. అంటే నెలకు 2,000 కిలోల బట్టలు వస్తేనే పైసా లాభం, పైసా నష్టం లేని చోటుకు చేరతారు. ఒక్కొక్కరు నెలకు 4 కిలోలు ఇస్తారనుకుంటే 500 మంది ఖాతాదారులు కావాలి. ఇందులో మీ జీతం ఇంకా కలపలేదు.

ఆ 500 మంది ఎక్కడున్నారు? ఇది ఇంట్లో కూర్చుని ల్యాప్‌టాప్‌లో తేలేది కాదు. రెండు వారాలు హాస్టల్ హాస్టల్ తిరగాలి. మెషిన్లు కొనకముందే నలభై మంది బట్టలు తీసుకుని, బయట ఉతికించి ఇచ్చి చూడాలి. బాగుంది అన్నవాళ్లను లెక్కపెట్టకండి. రెండోసారి డబ్బిచ్చినవాళ్లను లెక్కపెట్టండి.

తర్వాత చుట్టూ ఉన్న నిబంధనలు. విమానాశ్రయం పక్కన వ్యాపారం మామూలు బజారులో వ్యాపారంలా ఉండదు. పక్షులు విమానాలకు తగలకుండా ఉండాలని, 10 కిలోమీటర్ల పరిధిలో జంతువధ చేయడం, చెత్త పారబోయడం మీద నిషేధం ఉంది. చికెన్ సెంటరో, పెద్ద క్యాంటీనో పెట్టేవాళ్లు ముందే తెలుసుకోవాలి. డ్రోన్‌తో ఫొటోగ్రఫీ అనుకుంటే డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్ ఎక్కడిదాకా ఉందో చూసుకోవాలి. టెర్మినల్ లోపల పనికి విమానయాన భద్రతా విభాగం ఇచ్చే ఎంట్రీ పర్మిట్ కావాలి. పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది. భవనం ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ అనుమతి ఉండాలి. శంషాబాద్ మండలంలో కొన్ని గ్రామాలు జంట జలాశయాల పరీవాహక ప్రాంతంలో, జీవో 111 జాబితాలో ఉన్నవి. అక్కడ షెడ్డు వేసే ముందు తాజా పరిస్థితి ఏమిటో మున్సిపల్ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోవడం మంచిది. భోజనం అమ్మితే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తప్పదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి ఏజెంటుకు డబ్బు ఇవ్వక్కర్లేదు.

ఇంకో ప్రమాదం, ఒకే ఖాతాదారుడి మీద ఆధారపడటం. టాటాలకు తపాలా శాఖ ఉన్నట్టే మీకూ ఒకే పెద్ద కంపెనీ కాంట్రాక్టు దొరకొచ్చు. అదృష్టమే. కానీ ఆ బిల్లు రెండు నెలలు ఆగితే జీతాలు ఎలా ఇస్తారు? సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. చట్టం ఉంది కదా అని చేతిలో రొక్కం లేకుండా దిగకూడదు. కనీసం మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాకే సంతకం చేయండి.

డకోటాల కథ కూడా మరవొద్దు. ఒక వీధిలో ఒక హాస్టల్ బాగా నడుస్తోందని పక్కనే పది లేస్తే, ఆ వీధిలో ఎవరికీ గిట్టుబాటు కాదు. రద్దీ ఉన్నచోట గిరాకీ ఉంటుందనుకుంటాం. చాలాసార్లు అక్కడ ఉండేది పోటీ. కరాచీలో దిగిపోయి రైలు కోసం ఎదురుచూస్తున్న ఉత్తరాల సంచి లాంటి ఖాళీ శంషాబాద్‌లో ఎక్కడుందో వెతకాలి. రాత్రి రెండింటికి షిఫ్టు దిగిన ఉద్యోగికి ఏం దొరకడం లేదు? మందుల పెట్టెలు కార్గోకు చేర్చే చిన్న వ్యాపారికి ఏ పని ఆలస్యమవుతోంది? ఇలాంటి ప్రశ్నలకు జవాబు దొరికినచోటే వ్యాపారం ఉంటుంది.

చివరగా, ఎంతవరకు పోగొట్టుకోగలరో ఒక అంకె కాగితం మీద రాసి ఇంట్లోవాళ్లకు చూపించండి. ఆ అంకె దాటితే ఆపేస్తామని ముందే చెప్పండి. లెక్క సరిపోకపోతే వదిలేయడం ఓటమి కాదు. మీ రెండు వారాల తిరుగుడు, ఇంటి బంగారం రెండూ మిగిలాయని అర్థం. సరిపోతే మాత్రం మూడేళ్లు తిప్పినా వదలకండి. ప్రతిపాదన వెనక్కొచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకొంచెం చిన్నది చేసి, ఇంకొంచెం గట్టిది చేసి మళ్లీ పంపిన మనుషుల వల్లే ఈ దేశంలో ఉత్తరం రెక్కలు కట్టుకుంది.